ఫ్రాన్స్‌లో ఏమీ చేయని రోజులు

హేలా స్కందర్‌ని మొదటిసారి చూసింది కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుతూ.

స్ఫాక్స్ ఊళ్ళో, రాజధాని ట్యునిస్ వెళ్ళే లువాజులు ఆగే అడ్డాలో జరిగింది ఇది. లువాజంటే ఎనిమిది మంది ఎక్కితే గానీ కదలని ఉమ్మడి టాక్సీ. దానికి వేళాపాళా ఉండదు. ఏడుగురు ఎక్కి గంటసేపు కూర్చున్నా సరే, ఎనిమిదో మనిషి కనబడేదాకా డ్రైవరు తాళం తిప్పడు. ఆ రోజు ఎనిమిదో మనిషి హేలా. అప్పటికే లోపల ఏడుగురూ ఉడికిపోయి ఉన్నారు.

"ఆలస్యంగా వచ్చిందీ మీరే, కిటికీ కావాలనేదీ మీరే" అన్నాడు కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడు.

"నాకు కార్లో కడుపులో తిప్పుతుందండీ. మధ్యలో కూర్చోబెడితే మీ చొక్కా పాడవుతుంది. ఆపైన మీ ఇష్టం."

కుర్రాడు చొక్కా వంక ఒకసారి చూసుకుని జరిగాడు. వెనక సీట్లో ముసలావిడ నవ్వింది. అంతే, అతనికి ఊపొచ్చేసింది. స్ఫాక్స్ దాటినప్పట్నుంచి ట్యునిస్ పొలిమేర దాకా నోరు మూయలేదు. నగర బస్సులకు వేళలు కట్టే ఆఫీసులో తన ఉద్యోగమట. ఏ బస్సు ఎన్నింటికి రావాలో తాను రాస్తే, అది ఎన్నింటికి రాకూడదో డ్రైవర్లు నిర్ణయిస్తారట. కారంతా పడీ పడీ నవ్వింది. హేలాకు వాంతి సంగతే గుర్తు రాలేదు.

మధ్యలో ఎక్కడో అతను అడిగాడు, ఈ బండి ఎక్కడా ఆగకుండా పోతే ఎందాకా పోవాలని ఉందని. హేలా ఆలోచించకుండా ఫ్రాన్స్ అంది. అక్కడేం చేస్తారన్నాడు. ఏమీ చేయనంది. అతను కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, తనకూ సరిగ్గా అదే కావాలన్నాడు. ఆ మాట అబద్ధమని హేలాకు తెలియడానికి ఏడాది పట్టింది.

ఏమీ చేయకపోవడం ఎంత పెద్ద కోరికో హేలా ఇల్లు చూస్తే గానీ అర్థం కాదు. మూడంతస్తుల మేడ. నాయనమ్మ, ఇద్దరు బాబాయిలు, వాళ్ళ సంసారాలు, పండక్కి వచ్చి వెళ్ళడం మర్చిపోయిన మేనత్త. హేలా గదిలో ముగ్గురు చెల్లెళ్ళు పడుకుంటారు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఒంటరిగా నిద్రపోయిన రాత్రి లేదు. కాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంటే చాలు, ఒంట్లో బాగాలేదా అని ఒకరు, ఖాళీగా ఉన్నావుగా ఈ బఠాణీలు వలువు అని ఇంకొకరు. అసలే స్ఫాక్స్ వాళ్ళకి చేతులు కట్టుకుని కూర్చోవడం, పైసా దండగ చేయడం రాదని ట్యునిస్ వాళ్ళ వేళాకోళం. అది వేళాకోళమేం కాదు, నిజమే.

ఆమె పని చేసేది కళ్ళద్దాల దుకాణంలో. చూపు పరీక్షించే యంత్రం ముందు గడ్డం ఆనిస్తే లోపల ఒక బొమ్మ కనబడుతుంది. రెండు పక్కలా చెట్లు, మధ్యలో నీటి కాలువ, దూరంగా చిన్న పడవ. మొదట మసకగా ఉండి తర్వాత తేటపడుతుంది. యంత్రం అమ్మిన అతను అది దక్షిణ ఫ్రాన్స్‌లో ఏదో కాలువని చెప్పాడు. అక్కడ పడవలు మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతాయట. దుకాణంలో ఎవరూ లేనప్పుడు హేలా తానే గడ్డం ఆనించి ఆ పడవని చూసుకునేది. రోజు మొత్తంలో ఆమెకంటూ ఉన్నది ఆ నిమిషమే.

నిశ్చితార్థం అయ్యాక ఒకరోజు స్కందర్‌నీ ఆ యంత్రం ముందు కూర్చోబెట్టింది.

"ఏం కనబడుతోంది?"

"పడవ."

"ఎటు పోతోంది?"

"ఎటూ పోవట్లేదు."

"పెళ్ళయ్యాక మనం వెళ్ళేది అక్కడికే. మార్సెయ్‌లో దిగుతాం, కనబడ్డ చిన్న రైలెక్కుతాం, నచ్చిన చోట దిగిపోతాం. ఆకలేస్తే రొట్టె కొనుక్కుంటాం. నిద్రొస్తే పడుకుంటాం. నువ్వు గడియారం తేకూడదు."

స్కందర్ తల చప్పున వెనక్కి తీసేసి బాగుంటుందన్నాడు. పొద్దస్తమానం జనం కళ్ళలోకి చూసే పిల్ల, ఆ కళ్ళలోకి మాత్రం ఆ క్షణాన చూడలేదు. కాలువ గట్టు మీద ఎక్కడ కూర్చోవాలా అనే ధ్యాసలో ఉంది పాపం.

వేసవిలో పెళ్ళి, మర్నాడే ప్రయాణం అనుకున్నారు. అనుకున్నన్నాళ్ళూ హేలాకు బఠాణీలు వలవడం కూడా కష్టమనిపించలేదు.

మొదట వచ్చిపడింది మొన్సెఫ్ మామయ్య. స్కందర్‌కి స్వయానా మేనమామ, లియోన్‌లో స్థిరపడ్డాడు. మా ఇంట్లోనే దిగుతారని ఆయన అక్కడి పురపాలక కార్యాలయంలో హామీ ఇస్తే గానీ వీసా రాదు. మన దేశంలో పుట్టినవాడు ఫలానా కిటికీ కింద పడుకుంటానని చెప్పకుండా ఫ్రాన్స్‌లో కాలు పెట్టలేడు కదా. సరే, ఆయన దగ్గర ఒక రాత్రి అంది హేలా. మామయ్యకి ఒక రాత్రంటే కోపం వస్తుంది, రెండు అన్నాడు స్కందర్.

తర్వాత గ్రెనోబుల్‌లో పెద్దమ్మ కూతురు. ఆ తర్వాత తులూజ్‌లో స్కందర్ నాన్నగారి పాత స్నేహితుడు. లియోన్ దాకా వచ్చి ఆయన్ని చూడకపోతే పోయిన నాన్న ఆత్మ క్షోభిస్తుందట. ఆపైన నాంత్‌లో చిన్నత్త. నాంత్ ఎక్కడుందో హేలా మ్యాప్‌లో వెతికింది. అది దేశానికి అటు చివర ఉంది.

ప్రతి ఇంటికీ ఒక మూట తప్పదు. నూనె, హరీసా అనే మిరప ముద్ద, వాటి పైన ఎండు ఆక్టోపస్. స్కందర్ వాళ్ళమ్మ జలీలా డాబా మీద తీగకి ఆక్టోపస్‌లు బారులు తీరి వేలాడుతున్నాయి, ఎనిమిదేసి కాళ్ళతో. వాటి వాసన పెళ్ళి బట్టలకే కాదు, పెళ్ళికొడుక్కి కూడా పడుతుందని హేలా చెల్లెళ్ళు ఆటపట్టించారు. హేలాకు నవ్వు రాలేదు. రోజుకి కొంచెం చొప్పున ఆమె కాలువ ఎండిపోతోంది. ఏ సాయంత్రం స్కందర్ ఫోన్ చేసినా, ఈసారి ఏ ఊళ్ళో ఎవరు అనుకుంటూనే తీసేది.

తప్పంతా కాబోయే అత్తగారిదే అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఒకనాడు ఆగలేక, రమదాన్‌కి పిండి జల్లించే సాయం వంకతో వాళ్ళింటికి వెళ్ళి, మెల్లగా కదిపింది.

"అత్తయ్యా, కొత్తగా పెళ్ళయినవాళ్ళం. అంతమంది ఇళ్ళకి ఇప్పుడే వెళ్ళాలంటారా?"

జలీలా జల్లెడ ఆపింది. "నేనా తల్లీ? వద్దంటే వద్దని మొత్తుకున్నాను. నా పెళ్ళయ్యాక మీ మామగారితో ఒక్క రోజు ఒంటరిగా తిరిగిన పాపాన పోలేదు. మీరైనా సుఖపడండన్నాను. వింటేనా? అందరికీ వాడే ఫోన్లు చేశాడు. నాంత్‌లో మా ఆడపడుచుతో మాట్లాడి పదేళ్ళయింది. ఆ నంబరు ఎక్కడ సంపాదించాడో కూడా నాకు తెలీదు."

హేలా పిండి జల్లిస్తూనే ఉంది. ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే గుర్తులేదు.

మర్నాడు స్కందర్ దుకాణానికి వచ్చాడు. ఎప్పటిలా జోకు ఒకటి మొదలుపెట్టాడు. హేలా మధ్యలోనే ఆపి అడిగింది, అందర్నీ పిలిచింది నువ్వేనా అని. అతను కాదనలేదు. అద్దాల అరలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకు చేశావు?"

"మరి రోజంతా మనిద్దరమే కూర్చుని ఏం చేస్తాం హేలా?"

ఆ ఒక్క మాటతో తనకి అంతా తెలిసిపోయిందనుకుంది. తనతో ఒక రోజు గడపడమే బరువనుకునే మనిషితో జీవితమంతా గడపబోతోంది. వేలికి ఉన్న ఉంగరం తీసి అతని ముందు బల్ల మీద పెట్టింది. అతను ముట్టుకోలేదు. కారు నిండా జనాన్ని నవ్వించినవాడికి ఒక్క మాట దొరకలేదు. ఇంతలో ఎవరో కళ్ళద్దాల కోసం వచ్చారు. హేలా ఉంగరాన్ని జేబులో వేసుకుని, రండి కూర్చోండి అంది.

రమదాన్ వచ్చింది. ఉంగరం తీసేసిన సంగతి హేలా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, స్కందర్ కూడా వాళ్ళింట్లో చెప్పినట్టు లేదు. చెబితే పన్నెండు మంది పన్నెండు వైపుల నుంచి మీదపడతారు. చెప్పకుండా ఉంటే ఆ పన్నెండు మందీ పెళ్ళి కబుర్లే చెబుతారు. రెండూ నరకమే. పగలు ఉపవాసం, సాయంత్రం అందరితో పాటు సూపు, రాత్రి చెల్లెళ్ళ మధ్య ముసుగు తన్ని ఏడుపు. ఏడవడానికి కూడా చోటు లేని ఇంట్లో పుట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసేది. యంత్రం ముందు గడ్డం ఆనించడం మానేసింది. ఎటూ పోని పడవని చూసి ఏం లాభం? తన బతుకే ఎటూ పోవడం లేదు.

చూస్తూ చూస్తూ రమదాన్ ఇరవై ఏడో రాత్రి దగ్గరపడింది. ఆ రాత్రి పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళు పళ్ళెం పట్టుకుని పెళ్ళికూతురింటికి రావడం ఆనవాయితీ. నమాజులు అయ్యాక వస్తారు, బంగారమో బట్టలో పెడతారు, వీధి వీధంతా చూస్తుంది. పళ్ళెం అందుకుంటే ఇక వెనక్కి తిరగడం ఉండదు. ఆ సమయానికి పిల్ల ఇంట్లో లేకపోతే సంబంధం తెగిపోయినట్టే, వేరే చెప్పక్కర్లేదు.

హేలా లేకుండా పోవాలనే నిశ్చయించుకుంది. ట్యునిస్‌లో అక్క రిమ్ ఉంది. వస్తున్నానని ఆమెకి ఒక్కదానికే ఫోన్లో చెప్పి, వంటింట్లో అందరూ ఇఫ్తార్ హడావుడిలో ఉండగా చిన్న సంచీతో బయటపడింది.

అడ్డాలో ఒకే ఒక్క లువాజ్ ఉంది. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు ఎవరు ప్రయాణం చేస్తారు? డ్రైవరు హమాది, యాభై ఏళ్ళవాడు, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఉన్నాడు. ఎనిమిది మంది రావాలి అన్నాడు తలెత్తకుండా. హేలా టిక్కెట్టు కొని కిటికీ పక్కన కూర్చుంది. ఎవరూ రాలేదు. ఎవరూ రారని ఆమెకీ తెలుసు. పారిపోవడం కూడా చేతకాలేదు తనకి. ఇంకాసేపుంటే బాబాయి వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోతాడు, పళ్ళెం వస్తుంది, పెళ్ళవుతుంది, నాంత్ వెళతారు. అంతే, అయిపోతుంది.

అప్పుడు వచ్చాడు స్కందర్, రొప్పుతూ. అక్క తనకి ఫోన్ చేసిందని, చేసినట్టు చెప్పొద్దందని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. హేలా మొహం తిప్పుకుంది. అతను హమాది దగ్గరికి వెళ్ళి మిగతా ఏడు సీట్లకీ డబ్బు కట్టాడు.

"నువ్వు కొన్నది ఖాళీ సీట్లు" అంది హేలా. "నా సీటు నేనే కొనుక్కున్నాను. నాతో మాట్లాడకు."

"ఒక్క మాట విను..."

"చూడండి." హమాది వెనక్కి తిరిగాడు. "తెల్లారినప్పట్నుంచి నాకు కాఫీ లేదు, సిగరెట్టు లేదు. అజాన్ పడేదాకా నా బండిలో ఎవరూ నోరు తెరవకూడదు. తెరిచారో, ఎక్కడుంటే అక్కడ దింపేస్తాను. డబ్బు కూడా వెనక్కి ఇవ్వను."

అతని కళ్ళు చూస్తే అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. రమదాన్‌లో ఉపవాసం ఆఖరి గంటల్లో, పొగతాగే అలవాటున్నవాడితో ఎవరూ పెట్టుకోరు. స్కందర్ ఒక సీటు ఎడంగా కూర్చున్నాడు. బండి కదిలింది.

ఊరు దాటింది. రోడ్డుకి రెండు పక్కలా ఆలివ్ తోటలు మొదలయ్యాయి. ఆ తోటలకి అంతూ పొంతూ ఉండదు. ఒకే రకం చెట్లు ఒకే రకం వరుసల్లో ఎంత దూరం పోయినా అవే. హేలా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కోపంతో కాసేపు, ఏడుపుతో కాసేపు. ఏడుపు కూడా శబ్దం లేకుండా ఏడవాల్సి వచ్చింది.

స్కందర్ ఊరుకోలేకపోతున్నాడు. చేతులు ముడుస్తున్నాడు, విప్పుతున్నాడు. గడియారం చూస్తాడు. గొంతు సవరించుకుంటాడు, అద్దంలో హమాది కళ్ళు కనబడగానే మానుకుంటాడు. విసుగేమో అనుకుంది హేలా మొదట. నాతో కూర్చోవడం ఇంత విసుగన్నమాట అనుకుని ఇంకోసారి ఏడ్చింది. తర్వాత ఎందుకో అతని కళ్ళలోకి చూసింది. దుకాణంలో కొందరొస్తారు, చూపు పోతోందని చెబుతారేమోనని వణికేవాళ్ళు. వాళ్ళ కళ్ళు ఎలా ఉంటాయో ఆమెకి బాగా తెలుసు. అది విసుగు కాదు, భయం.

చెట్లు పోతూనే ఉన్నాయి. ఎల్ జెమ్ ఊరు దాటింది. కొంతసేపటికి స్కందర్ చేతులు ఒళ్ళో ఆగిపోయాయి. హేలా కళ్ళు తుడుచుకోవడం కూడా ఆగిపోయింది. ఎవరూ ఆమెని ఏమీ అడగడం లేదు, ఏదీ వలవమనడం లేదు. పక్కన ఒక మనిషి ఉన్నాడు, ఊరికే. ఇంత బాధలోనూ ప్రాణానికి హాయిగా ఉందని ఆమెకి తెలిసింది, తెలిసి సిగ్గేసింది.

ఒక చిన్న ఊరి మొదట్లో అజాన్ వినిపించింది. రోడ్డు పక్కన నిలబడ్డ పెద్దాయన బండి ఆపి, కిటికీలోంచి ఖర్జూరాలూ నీళ్ళ సీసాలూ అందించాడు. హమాది ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, కిందికి దిగి, చెట్టుకి ఆనుకుని సిగరెట్టు ముట్టించాడు. పొగ పైకి వదిలి, ఇప్పుడు కొట్టుకు చావండి అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

స్కందర్ ఖర్జూరం చేతిలో పట్టుకునే మాట్లాడాడు, ఆగి ఆగి.

"ఆ రోజు ఇలాంటి లువాజులోనే నేను బాగా మాట్లాడానని నచ్చాను కదా నీకు. ఆరుగురు వింటున్నారు కాబట్టి మాట్లాడాను. ఎదురుగా జనం ఉంటే మాటలు వాటంతట అవే వస్తాయి. ఒక్క మనిషి ముందు రావు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. రేడియో ఆపితే భయమేసేది నాకు. నీతో అన్ని రోజులు, పని లేదు, వేళ లేదు, ఎవరూ లేరు. మూడో రోజుకల్లా నీకు తెలిసిపోతుంది, వీడి దగ్గర ఏమీ లేదని. అందుకే కనబడ్డ చుట్టాన్నల్లా అడ్డం పెట్టుకున్నాను. నాంత్ అత్తయ్య నన్ను గుర్తు కూడా పట్టలేదు."

"నాతో ఉండడం బరువనుకున్నావని ఏడ్చాను. నెలంతా ఏడ్చాను."

"బరువా? నువ్వు మధ్యలో దిగిపోతావని భయం."

హేలా ఖర్జూరం తిని, నీళ్ళు తాగింది. బయట చీకటి పడుతోంది. హమాది రెండో సిగరెట్టు ముట్టించాడు.

"స్ఫాక్స్ నుంచి ఇక్కడిదాకా నువ్వేం మాట్లాడావు?"

"మాట్లాడనిచ్చాడా ఆయన?"

"ఏం చేశాం మరి?"

"ఏం చేస్తాం? ఊరికే కూర్చున్నాం."

"నేను దిగిపోయానా?"

స్కందర్ ఆమె వంక చూశాడు. లేదన్నట్టు తల ఊపాడు. హేలా జేబులోంచి ఉంగరం తీసి అతని అరచేతిలో పెట్టి, తన చెయ్యి ముందుకు చాపింది. అతను తొడిగాడు.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఆ రోడ్డు పక్కనే నిలబడి గ్రెనోబుల్‌కి, తులూజ్‌కి, నాంత్‌కి వరసగా చేయించి, రావట్లేదని చెప్పించింది హేలా. నాంత్ అత్తయ్య మాత్రం, పోన్లే నాయనా, అసలెవరు నువ్వు అంది. మొన్సెఫ్ మామయ్యకి ఒక పూట భోజనం మిగిల్చారు, హామీ ఇచ్చిన మనిషి కదా. ఆక్టోపస్‌లన్నీ ఆయనకే. మిగతా రోజుల్లో ఏం చేయాలో స్కందర్ అడగబోయి ఆగిపోయాడు. ఆ భయం ఒక్క సాయంత్రంలో పోయేది కాదు, హేలాకీ తెలుసు. కాలువ గట్టు మీద మూడో రోజు అతను మళ్ళీ చేతులు ముడుస్తాడు, విప్పుతాడు. అప్పుడు ఆ చేతిని పట్టుకుంటుంది, అంతే.

హమాది వచ్చి కూర్చుని, ఇక పోదామా ట్యునిస్‌కి అన్నాడు.

"కాదు బాబాయ్, వెనక్కి. నమాజులు అయ్యేలోపు మా ఇంటికి చేరాలి. వాళ్ళమ్మగారు పళ్ళెం పట్టుకుని వస్తారు."

హమాది ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఎనిమిది సీట్లకీ డబ్బు కట్టి, బయల్దేరిన చోటికే పోతారా? మీరు స్ఫాక్స్ వాళ్ళేనా అసలు?"

బండి తిరిగింది. మళ్ళీ అవే ఆలివ్ చెట్లు, ఈసారి చీకట్లో. సిగరెట్టు పడిన హమాది అడగని కబుర్లు చెబుతూనే ఉన్నాడు. వెనక సీట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఊరు వచ్చేదాకా ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.